సముద్రానికి చెప్పిన పేరు

కళింగపట్నం జాలరిపేటలో కాలేజీ గడప తొక్కినవాడు సోములొక్కడే. తొక్కించింది వాడి తల్లి దేముడమ్మ. మొగుడు అసిరయ్యను సముద్రం తీసుకుపోయినప్పుడు పెద్దవాడు గంగులుకి మీసమైనా రాలేదు, సోములింకా అమ్మ కొంగు వదలని పసివాడు. ఇల్లు గడవాలి కనుక గంగుల్ని తెప్ప ఎక్కించింది. రెండోవాణ్ణి మాత్రం మోకాలి లోతు నీళ్లలోకి కూడా దిగనివ్వలేదు. "ఒకణ్ణి దానికిచ్చినాను. ఈణ్ణి ఇవ్వను" అని పేట పేటంతా వినేలా చెప్పింది. ఎండునెత్తళ్ల గంప నెత్తిన పెట్టుకుని శ్రీకాకుళం సంతకు తిరిగి తిరిగి ఆ మాట నిలబెట్టుకుంది.

పేటలో ఈడు పిల్లలు సోముల్ని ఒడ్డు దాటని కుర్రాడని 'ఒడ్డుగుంటడు' అనేవారు. ఒకరి తరవాత ఒకరు వాళ్లంతా తెప్పలెక్కి మగవాళ్లయిపోయారు. చేపల పాళ్లు తెచ్చుకున్నారు, బీడీలు కాల్చారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. సోములు పలకలు మార్చాడు, పుస్తకాలు మార్చాడు, పేటకు మాత్రం ఒడ్డుగుంటడుగానే మిగిలాడు. పైకి నవ్వేవాడు గానీ ఆ పిలుపు వాడికి లోపల గుచ్చుకునేది.

శ్రీకాకుళం కాలేజీలో బి.ఏ. చదువుతుండగా వాడికి సినిమా పిచ్చి పట్టింది. తారల బొమ్మలు గోడకి అంటించుకునే పిచ్చి కాదు. ఇంగ్లీషు చెప్పే జగన్నాధం మాస్టారు పాతపట్నం దగ్గర పొలాలున్న ఇంటి బిడ్డ, సరదాలున్న మనిషి. అప్పుడప్పుడూ విశాఖపట్నం నుంచి ప్రొజెక్టరు తెప్పించి, గోడకు దుప్పటి కట్టి, ఎక్కడెక్కడి దేశాల సినిమాలు వేసి చూపించేవాడు. అందులో ఒకదాన్లో చినిగిన చొక్కా వేసుకున్న పిల్లాడి ముఖం దుప్పటి నిండా కనిపించింది. ఆ ముఖం పేటలోని ఏ పిల్లాడి ముఖమైనా కావచ్చు. ఇలాంటివాళ్లని కూడా ఇంత పెద్దగా చూపిస్తారా అని సోములుకి ఒళ్లు జలదరించింది. ఆ రోజు నుంచి వాడికి ఒకటే కోరిక, సినిమా తీయడం నేర్చుకోవాలి.

అరవైఎనిమిదిలో ఆ దారి కనిపించింది. మద్రాసులో సినిమా నేర్పే బడి ఒకటి కుర్రాళ్లని తీసుకుంటోందని మాస్టారు పేపర్లో చూసి చెప్పాడు. దరఖాస్తుతో పాటు ఒక పిల్లవాడు పెద్దవాడయ్యే కథకు సినిమా ఎలా మొదలవుతుందో రాసి పంపాలి. మొదలు మాత్రమే చాలు. కాకపోతే ఎవరిని అడిగి తెలుసుకున్నావు, ఏం చూశావు, ఎక్కడ నిలబడి తీస్తావు అన్నీ చెప్పాలి.

సోములు ముందు పట్నం పిల్లాడి కథ రాశాడు. రైలు, వాన, ఉత్తరం. మాస్టారు చదివి బల్ల మీద పడేశాడు.

"ఇది మద్రాసువాళ్లకి తెలీదనుకున్నావా? మీ ఊళ్లో పిల్లాడు ఎప్పుడు పెద్దవాడవుతాడో అది రాయవోయ్."

ఎప్పుడవుతాడో సోములుకి తెలుసు. తెప్ప మీద మొదటి అడుగు పెట్టిన పొద్దున. అంటే, తన బతుకులో రాని పొద్దున.

సెలవు పెట్టి ఊరొచ్చాడు. వలలు బాగుచేసుకునే పాక కింద కూర్చుని కనిపించినవాణ్ణల్లా అడిగాడు. "మొదటిసారి తెప్ప ఎక్కినప్పుడు నీకేమనిపించింది?" వాళ్లు వాణ్ణి ఎగాదిగా చూశారు. "ఏటనిపిస్తాది? సలేస్తాది" అన్నాడొకడు. ఇంకొకడు "ఆకలేస్తాది" అన్నాడు. పాక కింద నవ్వులే నవ్వులు. అయినా సోములు వదల్లేదు. అడగ్గా అడగ్గా ఆనవాయితీ బయటికొచ్చింది. పిల్లాడికి పసుపునీళ్లు పోస్తారు. తల్లి వాడి చెయ్యి పట్టుకుని అల తగిలేదాకా నడిపించుకొస్తుంది, అక్కడ వదిలేస్తుంది. పేట పెద్ద సముద్రం వైపు తిరిగి, తండ్రి పేరూ పిల్లాడి పేరూ గంగమ్మకు చెబుతాడు. పిల్లాడు తెప్ప మీద కాలు పెడతాడు. ఆ తరవాత వాడు తల్లి బిడ్డ కాదు, గంగమ్మ బిడ్డ.

అయితే కొబ్బరికాయ ముందా చెయ్యి వదలడం ముందా అంటే తలొక మాటా చెప్పారు. ఆ రుతువులో కొత్తగా తెప్ప ఎక్కే పిల్లాడెవడూ లేడు. కళ్లారా చూడకుండా ఎలా రాయడం? అప్పుడు పుట్టింది వాడికా బుద్ధి. పేట పెద్ద జోగయ్య దగ్గరికి వెళ్లి, ఒకసారి ఉత్తుత్తినే చేసి చూపించమన్నాడు. జోగయ్య వాడికి వరసకు పెదనాన్న.

"గంగమ్మ తల్లితో ఆటలేటిరా? తప్పు" అన్నాడు ముసలాయన.

"నిజం పేరు చెప్పొద్దు పెదనాన్నా. పేటలో ఎవడికీ లేని పేరు పెడదాం. రాజశేఖరం అను."

"అంత పొడుగు పేరు నాకు నోరు తిరగదురా."

నోరు తిప్పించాడు. సినిమాలో నీలాంటి ముసలాయనే ఉంటాడని ఊరించాడు కూడా. జోగయ్య పొగాకు నములుతూ 'రాజసేకరం, రాజసేకరం' అని వల్లె వేసుకున్నాడు. కుర్రాడిగా నిలబడ్డానికి తమ పిల్లల్ని ఇవ్వమంటే ఏ తల్లీ ఇవ్వలేదు. చదువుకోని ఆడవాళ్లకున్న ఆ మాత్రం ఇంగితం బి.ఏ. వాడికి లేకపోయింది. "పోనీ, నేనే నిలబడతాను" అన్నాడు. తల్లి ఒప్పుకోదని తెలుసు గనక ఆమె గంప ఎత్తుకుని సంతకెళ్లే రోజు చూసుకున్నాడు. తల్లి బదులు గంగులు పెళ్లాం కూర్మమ్మ చెయ్యి పట్టుకోవాలి. ఆమె ముసిముసిగా నవ్వుతూనే ఒప్పుకుంది.

ఆ పొద్దున పేటలో పని లేనివాళ్లంతా ఒడ్డుకు చేరారు. కూర్మమ్మ మరిది నెత్తిన పసుపునీళ్లు పోస్తే, ఒడ్డుగుంటడు ఇన్నాళ్లకు తడిశాడని ఎవరో ఎకసెక్కమాడారు. ఆమె వాడి చెయ్యి పట్టుకుని అలదాకా తీసుకొచ్చి వదిలింది. జోగయ్య సముద్రం వైపు తిరిగాడు. ఆ మనిషి తన జీవితంలో ఎంతమంది పిల్లల్ని అలా పిలిచాడో ఆయనకే లెక్క లేదు. నీళ్ల ముఖం చూడగానే నోరు అలవాటైన దారినే పోయింది.

"అమ్మా గంగమ్మా! అసిరయ్య కొడుకు సోములు నీకాడికొస్తన్నాడు. సూసుకో తల్లీ."

ఒడ్డున నవ్వులు ఆగిపోయాయి. జోగయ్య గబుక్కున అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు గానీ అప్పటికే మాట దాటిపోయింది. సోములు కాలు తెప్ప మీద ఉంది.

వాడైనా భయపడ్డాడా అంటే, లేదు. ఉప్పొంగిపోయాడు! ఆ ముసలాయన చెయ్యి నోటికెళ్లిన తీరు, కూర్మమ్మ నవ్వు చచ్చిపోయిన తీరు చూసి, అబ్బ ఎంత బాగా వచ్చింది అనుకున్నాడు. ఇంటికి పరిగెత్తి, ఒళ్లయినా తుడుచుకోకుండా కూర్చుని రాశాడు. చెయ్యి వదిలే దగ్గర రెండు చేతులు మాత్రమే కనబడాలని, పేరు పిలుస్తున్నప్పుడు ముసలాయన వీపు చూపించి, ఆ తరవాతే ముఖం చూపించాలని, తల్లిగా నిలబడ్డ మనిషిని చిట్టచివర చూపించాలని రాసి మద్రాసుకు పంపి, తిరిగి కాలేజీకి వెళ్లిపోయాడు. బాగానే రాశాడు. అదే వాడి ఖర్మ.

ఆ తరవాత కొద్దిరోజులకే గంగులు తెప్ప ఒడ్డు దగ్గరి అలల్లో బోల్తాపడింది. వల పోయింది. తెప్ప దుంగ తగిలి భుజం ఎముక విరిగింది. ఆ గాలుల్లో తెప్పలు తిరగబడడం కొత్తేమీ కాదు. అదే వారం ఇంకో రెండు తెప్పలు తిరగబడ్డాయి. వాటివాళ్ల ఇళ్లలో ఎవరూ ఏ నాటకమూ ఆడలేదు. ఆ సంగతి ఎవరికి కావాలి? పేరు పిలిపించుకున్నవాడు రాకపోతే గంగమ్మ ఆ ఇంట్లోనే ఇంకొకణ్ణి అడుగుతుందని పేట తీర్మానించేసింది. ఇప్పుడు భుజం విరిచి హెచ్చరించింది, ఈసారి మనిషినే ఉంచుకుంటుందట.

దేముడమ్మ జోగయ్య గుమ్మంలోకి వెళ్లి దుమ్మెత్తిపోసింది. "నాను లేని పొద్దు సూసి నా కొడుకుని సముద్రానికి సెప్పేసినావా ముసిలోడా! ఇరుగుడేటో సెప్పు. కోడి కావాలా, మేక కావాలా?"

జోగయ్య తల ఎత్తలేదు. "ఇరుగుడుంటే నానే సేసీవోణ్ణి కానా అమ్మా? దీన్ని ఆటగా ఆడినోడు ఇదివరకెవుడున్నాడు? ఒక్కడూ లేడు. ఇరుగుడెక్కడినుంచి వస్తాది?"

సరిగ్గా అలాంటి సమయంలో మద్రాసు నుంచి పిలుపొచ్చింది. రాసింది నచ్చింది, వచ్చి మాట్లాడమన్నారు. సోములు ఆ కాగితం పట్టుకుని కళింగపట్నం బస్సు దిగాడు. మాస్టారు సామాను సర్దుకోమనే చెప్పి పంపాడు.

ఇంట్లో గంగులు భుజానికి కట్టుతో మంచం మీదున్నాడు. విషయం విని, "ఎల్లరా. నాకేటీ కాదు. ఎముక అతుక్కున్నాక మళ్లీ ఎల్తాను" అన్నాడు. దేముడమ్మ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. కూర్మమ్మ నెలలు నిండుతున్న మనిషి. గోడ పట్టుకుని వచ్చి మరిది ముందు కూలబడింది.

"సెయ్యి ఒగ్గింది నాను బాబూ. ఈ సేత్తోనే నిన్ను నీళ్లకాడ వదిలేసినాను. మీ అన్న మళ్లీ తెప్పెక్కిన పొద్దు నుంచి నాకు కునుకుంటాదా? నువ్వు ఎల్లొద్దని నానెలగ అనగలను. ఈ కడుపులో గుంట బయటపడీ వరకైనా నువ్వు ఎల్లు తెప్ప మీద. ఆ తల్లికి నీ ముఖం ఓపాలి సూపించు."

"వదినా, ఇదంతా నమ్ముతున్నావా?"

"నమ్మకపోతే ఆయన తిరిగొస్తాడా సెప్పు."

వాడు తల్లి వైపు చూశాడు. వద్దంటుందనే చూశాడు. వాడి ధైర్యమంతా అక్కడే ఉంది. ఇన్నేళ్లు సముద్రంతో పోట్లాడి తనను దాచుకున్న మనిషి ఒక్క మాటంటే చాలు, వదిన ఏడుపు తోసేసి వెళ్లిపోదును అనుకున్నాడు.

దేముడమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "ఇద్దరు కొడుకుల్లో ఒకడు పోతాడంటే నానేటి సేసీది నాయినా? తెప్పెక్కు. ఇద్దరూ ఉంటారు."

మర్నాడు ఆమే వాడి చెయ్యి పట్టుకుని నీళ్లదాకా తీసుకెళ్లింది. ఈసారి నవ్వడానికి ఎవరూ రాలేదు. ఆమె చెయ్యి వదలడానికి చాలాసేపు పట్టింది, కాని వదిలింది.

మద్రాసుకు వెళ్లడం లేదని చెప్పడానికి సోములు మాస్టారింటికి వెళ్తే, ఆయన కథంతా విని కుర్చీలోంచి లేచాడు. "ఎంత గొప్ప సీనోయ్! ఇది కూడా రాసేసి పంపు. వచ్చే ఏడాదికైనా తీసుకుంటారు." తిన్నది అరిగే ఇళ్లలో అలాగే ఉంటుంది, ఎదుటివాడి చావుబతుకులు కూడా సీన్లుగానే కనిపిస్తాయి. నిన్నటిదాకా సోములుకీ అలాగే కనిపించాయి.

బిడ్డ బయటపడేవరకే అన్నారు. ఆడపిల్ల పుట్టింది. ఆ తరవాత అన్న భుజం పూర్తిగా కుదిరేవరకన్నారు. భుజం కుదిరేసరికి పోయిన వల బదులు కొత్తది అల్లుకోవాల్సి వచ్చింది. బి.ఏ. పరీక్ష ఒక కార్తెకు పోయింది, మద్రాసు బడి వయసు హద్దు ఇంకో కార్తెకు దాటిపోయింది. సోములు అరచేతులు కాయలు కాశాయి. వాంతులు తగ్గాయి. చేప ఎక్కడ తిరుగుతుందో నీళ్ల రంగు చూసి చెప్పడం మాత్రం ఎప్పటికీ సరిగ్గా రాలేదు. పక్క తెప్పలవాళ్లు వాణ్ణి ఒడ్డుగుంటడనడం మానలేదు. ఒడ్డు పోయింది గానీ పేరు పోలేదు.

అరవైతొమ్మిది చివర్లో కూర్మమ్మ అన్న, విశాఖపట్నం హార్బర్లో పనిచేసేవాడు, గంగులుకి అక్కడ కలాసీ పని చూశాడు. నెల జీతం, గట్టి నేల మీద పని. గంగులు మారుమాటాడకుండా బయల్దేరాడు. ఏరు దాటి తెప్ప తగలేయడమని సామెత. ఇక్కడ తగలేయలేదు, తెచ్చి తమ్ముడి నెత్తిన పెట్టారు. బస్సు దగ్గర కూర్మమ్మ పిల్లని చంకనేసుకుని మూటలు ఎక్కించే హడావిడిలో ఉంది. మరిది కళ్లలోకి చూడలేదు.

సోములు అన్నను పక్కకి లాగాడు. ఇన్నాళ్లూ నమిలి మింగిన మాట బయటికొచ్చేసింది. "నువ్వు సముద్రం మీద బతకాలనే కదా నేను తెప్పెక్కాను. నువ్వే దిగిపోతే మరి నేనెందుకెక్కినట్టు?"

గంగులుకి కోపం రాలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఆ ముసిలోడి మాటలకేటిరా? నానొద్దన్నానా? ఎల్లరా అనే కదా సెప్పినాను నీకు."

అది అబద్ధం కాదు. ఆ ఇంట్లో వెళ్లమన్నవాడు వాడొక్కడే. బస్సు దుమ్ము లేపుకుంటూ శ్రీకాకుళం రోడ్డెక్కింది.

దేముడమ్మ కళ్లు తుడుచుకుని చిన్నకొడుకు భుజం మీద చెయ్యి వేసింది. ఏళ్ల తరబడి గంప మోసి, ఈణ్ణి ఇవ్వనని పేటంతా వినేలా అరిచిన మనిషి ఇప్పుడు నిశ్చింతగా నిట్టూర్చింది.

"పోనీలే నాయినా. సదువుకుని ఎక్కడికో ఎగిరిపోతావనుకున్నాను. నువ్వయినా నాకాడ ఉండిపోయినావు."