పొడుగు మాత్రమే కొలిచిన ఇంజినీరు

నా చేతికి టేపు ఇచ్చినవాణ్ణి ముందు తిట్టాలి, ఆ తర్వాత నన్ను. భద్రాచలం అడవి అంచున ఒక హాస్టల్ కప్పును, నా పరువును ఒకే ఒక్క ఫోన్‌కాల్‌తో ఎలా ముంచబోయానో చెబుతాను. నవ్వండి, కానీ కాస్త నెమ్మదిగా. నాకింకా మండుతూనే ఉంది.

అవి సిగ్నల్ కోసం ఇటుకల గుట్ట ఎక్కే రోజులు. నేను కొత్తగా వచ్చిన సైట్ ఇంజినీరును. ఆ హాస్టల్లో పోయిన వానాకాలం పిల్లలు గొడుగులు పట్టుకుని అన్నం తిన్నారట. “సెలవులయ్యేలోగా పెంకులు వేయించేస్తాను మేడం” అని వార్డెన్‌కు మాటిచ్చాను.

ఖమ్మం నుంచి కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. “పెంకులు లేపనీకి రెండు బండ్లున్నయ్. ఒకటి గుంతల్ల గూడ నడిచే పెద్ద టైర్ల ఫోర్క్‌లిఫ్టు. ఇంకోటి టెలిహ్యాండ్లరు, చెయ్యి ముందుకు చాపుతది. ఏది పంపాలె?”

“ఏది ఎక్కువ బరువు లేపుతుంది?”

“ఫోర్క్‌లిఫ్టే.”

కప్పు ఎత్తు అప్పటికే మూడుసార్లు కొలిచి ఉన్నాను. ఫోర్క్‌లిఫ్టుకు అందే ఎత్తే. “అదే పంపండి. చెయ్యి చాపడమెందుకు, మనమేమన్నా అడుక్కుంటున్నామా?” అన్నాను. ఏం తెలివి!

అంతటితో ఆగానా? కూలీల జట్టుకు పెద్ద భద్రమ్మను పిలిచి, “మిషను వస్తోంది, రేపట్నుంచి మీరు రానక్కర్లేదు” అన్నాను.

ఆమె వరండా వైపు చూసింది. “గీ వరండా దాటి అది పెంకులెట్ల అందిస్తది సారూ?”

“అవన్నీ నీకు అర్థం కావులే.”

“అవ్, మాకేం తెలుస్తది” అని నలభై మంది ఆడవాళ్లనీ తీసుకుని తునికాకు తెంపడానికి అడవిలోకి వెళ్లిపోయింది. బీడీ ఆకు దొరికేది ఆ కొద్దిరోజులే. ఆకు మొదలైతే ఆ చుట్టుపక్కల కూలీలు దొరకరు.

ఫోర్క్‌లిఫ్టు వచ్చింది. ఆపరేటర్ యాకూబ్ పెంకులను సరిగ్గా కప్పు ఎత్తుకు లేపి ఆపేశాడు.

“ముందుకు పోనీయ్!”

“వరండా ఉంది సార్.”

“లేపావు కదా!”

“లేపుతది సార్. ముందుకు పెట్టది.”

నాలుగు వైపులా పన్నెండడుగుల వెడల్పు వరండా, దాని మీద బరువు మోయని సన్న రేకులు. విందులో వెనక వరుసకు లడ్డూ చూపించి పోయినట్టు పెంకులు గాల్లో ఉన్నాయి. ఇటుకల గుట్ట ఎక్కి ఫోన్ చేశాను. “ఆ చెయ్యి చాపేదే పంపండి!”

“అది మొన్ననే వేరే సైటుకు పాయె. చెయ్యెందుకన్నవ్ కద!”

పడమట మబ్బు కమ్ముతోంది. సిగ్గు చంపుకుని ఆకు కొనే కల్లానికి పరుగెత్తాను.

భద్రమ్మ నవ్వలేదు, అదే ఇంకా బాధ. “వస్తం సారూ, పిల్లలు తడుస్తరు. మరి తెంపిన ఆకు కట్టలెవ్వరు కడ్తరు?”

“నేను కడతాను!”

మర్నాడు ఆడవాళ్లు గదుల లోపలి నుంచి వేసిన నిచ్చెనల మీద వరసకట్టి, పెంకులు చేతులు మార్చుకుంటూ సాయంత్రానికి మొత్తం పైకి చేర్చారు. నేనూ యాకూబూ ఖాళీ ఫోర్క్‌లిఫ్టు నీడలో కూర్చుని ఆకు కట్టలు కట్టాం. మేస్త్రీలు మూడు రోజుల్లో కప్పేశారు. నాలుగో రోజు వాన దంచికొట్టినా లోపల చుక్క పడలేదు.

కానీ కట్టలు కట్టిన సాయంత్రం సంగతి దాచాను. కల్లంలో గుమాస్తా నా కట్టలన్నీ అవతల పడేశాడు. “ఎవరు కట్టిండ్రివి? అన్నీ సన్నాకులే! బీడీకి చుట్టు తిరుగుతదా?”

నేనేమో మంచివనుకుని పొడుగాటివే ఏరి కట్టాను.

భద్రమ్మ కట్టలు విప్పి మళ్లీ కట్టుకుంటూ అప్పుడు నవ్వింది. “మిషనుకూ పొడుగే చూసినవ్, ఆకుకూ పొడుగే చూసినవ్. జర అడ్డం గూడ చూస్కో సారూ!”

ఆ ఫోర్క్‌లిఫ్టు టైరు మీద చెయ్యివేసి ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో టేపు నిలువుగా పట్టిన ప్రతిసారీ అడ్డంగానూ పడతాను. అంతకంటే ముందు భద్రమ్మను అడుగుతాను.