గుదికర్ర కట్టిన కుక్క

ముప్ఫై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మూడు ముక్కల అబద్ధం. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీకు చెబుతున్నాను. మధ్యలో నీళ్లు నమలను, నన్ను నేను వెనకేసుకురాను.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు. సూర్యాపేట అంగడికి కుక్కలను విచ్చలవిడిగా తీసుకురాకూడదని డప్పు చాటింపు వేశారు. తెస్తే చేతిలో తాడన్నా ఉండాలి, కుక్క మెడలో గుదికర్రన్నా ఉండాలి. గుదికర్ర అంటే మెడ నుంచి వేలాడే మూరెడు కట్టె. పరుగెత్తబోతే ముందుకాళ్లకు తగిలి ఆపుతుంది. మా చివ్వెంల వైపు దాన్ని కరిచే కుక్కలకే కట్టేవాళ్లం. అందుకే నా ఎర్రకుక్కకు కట్టనన్నాను. పటేలింటి కుక్కకు కట్టె ఏమిటని నా పొగరు. గొర్రెలు కాసే మల్లయ్య మాత్రం చాటింపు విని, ఎన్నడూ ఎవరినీ కరవని తన కుక్కకు బుద్ధిగా కట్టి తెచ్చాడు. దానిదీ ఎరుపే.

మిరపకాయల రాశుల దగ్గర నా కుక్క గాజులమ్మే ముసలామె పిక్క పట్టేసింది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. కరిచి, వదిలి, నా బండి కిందికి దూరింది. ఎర్రకుక్క, ఎర్రకుక్క అని ఆమె ఏడ్చింది. జనం మూగారు. వాళ్లకు కనబడింది మల్లయ్య కాళ్ల దగ్గర కట్టెతో కూర్చున్న కుక్క.

"గుది ఉన్నదంటే కరిసేదే గద," అన్నారెవరో.

మల్లయ్య నా వైపు తిరిగాడు. "పటేలా, మీరు గీడనే ఉన్నరు. నా కుక్క జాగల నుంచి లేవలేదని జర చెప్పుండ్రి."

"నేను సూడలే మల్లయ్యా," అన్నాను.

కర్రలు లేచాయి. మల్లయ్య కుక్క పారిపోవాలని చూసింది. మెడలోని కట్టె కాళ్లకు తగిలి రెండుసార్లు బోర్లా పడింది. మూడోసారి లేవలేదు.

ఎందుకన్నాను ఆ మాట? కుక్క మీద ప్రేమా? అంత ప్రేమేమీ లేదు. భయమా? నన్నెవరు కొడతారు? నిజం చెబితే మహా అయితే పదిమందిలో తల వంచుకోవలసి వచ్చేది. ఆ ఒక్క గడియ సిగ్గు తప్పించుకోవడానికి, తెలిసి తెలిసి, నన్ను నమ్మి నా వైపు తిరిగిన మనిషి నోట మట్టి కొట్టాను. ఆ చలికాలం కుక్క కాపలా లేని మందలో తోడేళ్లు పడ్డాయి. మల్లయ్య మిగిలిన గొర్రెలను అమ్మేసి గరిడేపల్లికి నాట్ల కూలికి పోయాడు. కనబడినప్పుడల్లా దండం పెట్టేవాడు. నేనూ తలూపేవాణ్ణి. సిగ్గులేని తల.

ఆయన ఇప్పుడు లేడు. క్షమించమని అడగడానికి ఆ మనిషే లేడు. మిమ్మల్ని అడగడం లేదు. ఇంతవరకు రాసేసరికి ఊపిరి కాస్త సాఫీగా ఆడుతోంది, అంతే. మల్లయ్య కొడుకు గరిడేపల్లిలోనే ఉన్నాడు. రేపు పొద్దున బస్సెక్కుతాను. అతను నా మొహం మీద తలుపు వేసినా సరే, వాకిట్లో నిలబడి నలుగురూ వినేలా చెబుతాను.

"మీ నాయిన కుక్క ఎవల్నీ కరవలే. కరిసింది నాది. నేను సూసిన."