దుమ్ము లేని మధ్యాహ్నాలు

మల్లీశ్వరి నన్ను పొగిడినప్పుడల్లా నాకు అన్నం సయించేది కాదు. ఎందుకో మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. ఒక అబద్ధం. ఒక్క ముక్క. దాన్ని ఇన్నేళ్లు మోసి మోసి అలిసిపోయాను.

పిడుగురాళ్లలో మా ఇళ్లు పక్కపక్కనే. తను నాకంటే ఏడాది చిన్న, అక్కా అని పిలిచేది. ఇద్దరం కానిస్టేబుల్ సెలక్షన్లకు పరుగు ప్రాక్టీసు చేసేవాళ్లం. ఆ వేసవిని తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. హైవే పక్కన స్కూలు గ్రౌండు, సున్నం బట్టీలకు తిరిగే లారీల హారన్లు, పరుగయ్యాక ఒకే గోళీసోడా చెరిసగం తాగడం, కారణం లేకుండా నవ్వుకోవడం. అంత నవ్వు మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు.

తెల్లవారుజామున నాకు కుదిరేది కాదు. గేదెల పాలు పిండి, పాల కేంద్రంలో పోసి రావాలి. మధ్యాహ్నమే తీరిక. "మల్లి వస్తేనే పో, ఒక్కదానివే పోమాక" అనేది మా అమ్మ. హైవే పక్కన ఆడపిల్ల ఒంటరిగా పరిగెత్తితే మా వీధి ఊరుకోదు. మల్లి రాకపోతే నాకు పరుగు లేదు. పరుగు లేకపోతే ఉద్యోగం లేదు.

ఒకరోజు పరుగు మధ్యలో మల్లి ఛాతీ పట్టుకుని కూలబడింది. ఆస్పత్రికి తీసుకెళ్లాను. లోపల తనకు మాస్కు పెట్టి మందు పట్టిస్తుండగా డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. ఉబ్బసం లక్షణాలు ఉన్నాయన్నాడు. లారీల పొగ మీద మండుటెండ పడితే ఓజోన్ అనే వాయువు పుడుతుందట. అది ఆకాశంలో ఉండి మనల్ని కాపాడేది కదా అన్నాను. పైన ఉన్నంత వరకేనట. పీలిస్తే ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాల లోపలి పొర వాస్తుంది, గొట్టాలు బిగుసుకుంటాయి, నిండా ఊపిరి తీస్తే నొప్పి. పరిగెత్తేవాళ్లు రొప్పుతూ పీలుస్తారు కాబట్టి మరింత లోతుకు పోతుంది. కంటికి కనపడదు. ఎండ మధ్యాహ్నాల్లోనే ఎక్కువ. తెల్లవారుజామున పరిగెత్తమను, ఎండవేళ వద్దని చెప్పు, అన్నాడు.

మల్లి బయటికొచ్చింది.

"ఏమన్నాడక్కా డాక్టరు?"

"ఏముందే, సున్నం దుమ్ము పడటంలేదంట నీకు. బట్టీలు ఆపిన రోజు చూసుకుని పరిగెత్తమన్నాడు."

"అంతేనా? చానా భయపడ్డానక్కా."

మా ఊళ్లో ఆ మాట ఎవరైనా నమ్ముతారు. మాకు గాలి బాగోలేదంటే దుమ్మే. ఆకుల మీద తెల్లటి పొర లేకపోతే గాలి మంచిదన్నట్టే. బట్టీలు ఆగిన రోజు ఆకాశం కడిగినట్టు ఉండేది, ఎండ చుర్రుమనేది, లారీలు మాత్రం ఆగేవి కావు. అలాంటి రోజులే ఏరి మరీ తనను లాక్కెళ్లాను. దగ్గుతుంటే "దుమ్ము లేదుగా, కానీ" అన్నాను.

తెలిసే చేశానా? తెలిసే చేశాను. డాక్టరు అతిగా చెప్పాడేమో, ఎండాకాలం అయ్యాక తనే సర్దుకుంటుందేమో, ఉద్యోగం వస్తే ఇద్దరికీ వస్తుంది కదా అని నాకు నేను ఎన్ని సర్దిచెప్పుకున్నా, వాళ్లమ్మ తెల్లవారుజామున తనకు తోడు వెళ్లగలదన్న సంగతి నాకు ముందే తెలుసు. తోడు కావాల్సింది నాకు.

సెలక్షన్లో చివరి రౌండు మల్లి పూర్తి చేయలేకపోయింది. నాకు ఉద్యోగం వచ్చింది. తను టైలరింగ్ షాపు పెట్టుకుంది, మిషన్ సొరుగులో ఇన్‌హేలర్ ఉంటుంది. అదంతా ఆ మధ్యాహ్నాల వల్లేనని ఏ డాక్టరూ తేల్చలేడు. దాని చాటున ఎన్నాళ్లో దాక్కున్నాను. పైగా షాపుకు వచ్చినవాళ్లతో మల్లి అనేది, మా అక్క వెంట ఉండబట్టే అన్నాళ్లు పరిగెత్తగలిగానని.

మొన్న ఫోన్ చేసింది. కూతురు స్కూలు పరుగు పందెంలో ఉందట. "దానికీ కాస్త ఆయాసం ఉందక్కా. అందుకే బట్టీలు ఆపిన రోజు చూసి మధ్యాహ్నం తీసుకెళ్తన్నా."

ఇక ఆగలేకపోయాను. డాక్టరు అన్నదంతా చెప్పాను. పిల్లను తెల్లవారుజామున తీసుకెళ్లమన్నాను. నీకు కావాలనే చెప్పలేదన్నాను.

మల్లి అంతా విని, "అప్పుడు మా అమ్మ వచ్చేది కదా నాతో" అంది. అక్కా అనలేదు. ఫోన్ పెట్టేసింది. ఇంతవరకు మళ్లీ చేయలేదు, నేను చేస్తే ఎత్తడం లేదు.

కానీ పిల్ల ఇప్పుడు తెల్లవారుజామున పరిగెడుతోందని మా అమ్మ చెప్పింది. మల్లి నన్ను క్షమించదు. క్షమించమని అడిగే ముఖం నాకూ లేదు. ఇన్నాళ్లకు తనకు నా మీద కోపం వచ్చింది, అది రావాల్సిన కోపమే. నాకు తేలిగ్గా ఉందని రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా తేలిగ్గానే ఉంది.