మూడు భాగాలూ వరసగా

పరశురాములు సుల్తానాబాద్‌లో బ్యాండు మేళం మనిషి. క్లారినెట్ ఊదుతాడు. యాభై ఎనిమిదేళ్లు. కింది పెదవి లోపల, పన్ను ఒత్తే చోట, ఎప్పుడో కాయ కాసింది. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లికొడుకు గుర్రమెక్కితే ముందు నడిచింది చాలాసార్లు అతడే.

అతనికి ఐదు గీతల మీద రాసిన స్వరాలు చదవడం వచ్చు. మేళంలో మిగతా వాళ్లకు రాదు. వాళ్లు సినిమా పాట నాలుగుసార్లు విని పట్టుకుంటారు. ఆ విద్య అతనికి నేర్పింది కరీంనగర్‌లో ఉండే చాంద్‌పాషా. పోలీసు బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ఫీజు తీసుకోలేదు. తన ఇంట్లో సినిమా పాట ఊదొద్దు, అదొక్కటే షరతు.

ఇరవై నాలుగేళ్ల పరశురాములు ఆదివారం మొదటి బస్సెక్కేవాడు. చాంద్‌పాషా భార్య సుగ్రా బేగం ఖిచిడీ, చింతపండు ఖట్టా పెట్టేది. తిన్నాక పాఠం. మొదటి నెల మాస్టర్ అతన్ని ఊదనివ్వలేదు. టేపు రికార్డరు పెట్టి వినమన్నాడు.

"సూడు పరశూ. మొదాలు బాక్ అనే జర్మనోని జమానా. ఒగ గొంతు పాట ఎత్తుకుంటది. అది జర దూరం పోంగనే ఇంకో గొంతు గదే పాట అందుకుంటది. ఎన్క మూడోది, నాలుగోది. అన్ని ఒక్కపారే నడుస్తయి గని, ఒకదాన్ని ఒకటి తొక్కది. ఫ్యూగ్ అంటరు."

"మా ఇంట్ల లెక్కనే సాబ్. మా అవ్వ మొదలువెడ్తె మా వదినె అందుకుంటది."

"మీ ఇంట్ల తొక్కుకుంటరు గదరా," అన్నాడు మాస్టర్. లోపలి నుంచి సుగ్రా బేగం నవ్వు వినిపించింది.

బాక్ తర్వాత మొజార్ట్ కాలం. అందులో సవాలూ జవాబూ ఉంటాయి. నాలుగు బార్లు, అంటే నాలుగు తాళం గళ్లు, అడుగుతాయి, నాలుగు బార్లు బదులిస్తాయి. ఎక్కడ మొదలైందో, ఎక్కడ తెగిందో చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. ఆ తర్వాత బీథోవెన్ వచ్చి మొజార్ట్ వాళ్లు కట్టిన ఇంటి గోడలు జరిపాడు. ఆయన వెనక వచ్చినవాళ్లు తమ గుండెలో ఉన్నదంతా బయట పెట్టారు. మాస్టర్ ఇదంతా తారీకులు లేకుండా, తన వీధిలో కాపురమున్న వాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పేవాడు.

పోలీసు బ్యాండు పాత బీరువా ఖాళీ చేసినప్పుడు పారేసిన కాగితాల్లోంచి మాస్టర్ ఒక కట్ట తెచ్చుకున్నాడు. నేర్చుకొమ్మని దాన్ని పరశురాములుకే ఇచ్చాడు. క్లారినెట్ కోసం రాసిన కంచెర్టో అది. ఒక వాద్యం ముందు నిలబడితే మిగతా వాద్యాలన్నీ దానితో మాట్లాడతాయి. మొదటి పేజీ చిరిగిపోయింది. రాసినవాడి పేరు అందులోనే పోయింది.

"సవాల్ జవాబ్ సూస్తే మొజార్ట్ జమానాదే. ఎవడు రాసిండో ఖుదాకే ఎరుక," అన్నాడు మాస్టర్. "మూడు భాగాలు. మొదటిదాంట్ల రెండు రాగాలు, ఇద్దరు మనుషుల లెక్క. ఒకడు ఈ ఊరోడు, ఒకడు పక్క ఊరోడు. నడుమ పెద్ద లొల్లి. ఆఖరికి ఇద్దరు ఒక్క ఊళ్లెనే ఉంటరు. రెండోది నిమ్మలం. దాంట్ల కథ లేదు, ఊపిరే. మూడోది రోండో. ఇంట్లకెల్లి బయలెల్లి బోథ్ పోతవ్, ఇంటికొస్తవ్. ఆసిఫాబాద్ పోతవ్, మళ్ల ఇంటికొస్తవ్. ఇల్లు అదే. తిరిగొచ్చినోడు మారుతడు."

మొదటి భాగం పట్టుబడడానికి పదకొండు నెలలు పట్టింది. అప్పటికి మాఘమాసం వచ్చింది. పరశురాములు రెండో భాగం పక్కన పెట్టి మూడో భాగం తీశాడు. అది గంతులేస్తూ నడిచే సంగీతం. పెళ్లిలో పనికొస్తుంది.

"రెండోది ఎగ్గొట్టి మూడోదేందిరా?"

"ముహూర్తాలున్నయ్ సాబ్. గీ సీజన్ కానియ్యుర్రి."

"సరే. ఒక్కపారి మూడు వరసగ నాకు ఇనిపియ్. నేనింకేం అడుగ."

"ఇనిపిస్త సాబ్. వచ్చే నెల."

బరాత్‌కు ఒక పద్ధతి ఉంది. ఆడేవాళ్ల కాళ్లు కదిలించిన ముక్కనే పట్టుకోవాలి. వాళ్లు అలిసేదాకా తిప్పి తిప్పి ఊదాలి. కాలు నెమ్మదించబోయే ముందే ఇంకో పాటలోకి దూకాలి. నడుమ సందు ఉండకూడదు. రోండోలో తిరిగి తిరిగి వచ్చే ఆ మొదటి రాగం బరాత్ కోసమే పుట్టినట్టుంది. పరశురాములు దాన్ని ఒక పెళ్లిలో ఊదాడు. ట్రంపెట్ హనుమండ్లు చెవితో పట్టుకున్నాడు. డోళ్లు కలిశాయి. జనం ఊగిపోయారు. రాగం నుంచి రాగం దాకా మధ్యలో ఉన్న దారులు ఎవరికీ అవసరం పడలేదు. వాటి స్థానంలో సినిమా పాటలు వచ్చాయి.

రెండేళ్లలో దానికి పరశురాములు గుర్రం పాట అని పేరు పడింది. పెళ్లివాళ్లు అడ్వాన్సు ఇచ్చేటప్పుడే అడిగేవాళ్లు. "గుర్రం పాట ఉంటది గదనే?" అతను గర్వపడ్డాడు. ఆ సంగతి మాస్టర్‌కు చెప్పలేదు.

ఒకసారి కరీంనగర్‌లోనే బరాత్. మార్కెట్ దగ్గర మలుపు తిరిగేసరికి మాస్టర్ రోడ్డు పక్కన కూరగాయల సంచితో నిలబడి ఉన్నాడు. పరశురాములు నోట్లో క్లారినెట్ ఉంది. ఆ రాగమే ఉంది. ఆపడానికి లేదు, బరాత్ నడుస్తోంది. కళ్లతో సలాం చేశాడు. రాగం రెండోసారి తిరిగి వచ్చేసరికి అక్కడ మాస్టర్ లేడు.

ఆ ఆదివారం పోలేదు. తర్వాతి ఆదివారం పోవడానికి ముందటి ఆదివారం అడ్డమొచ్చింది. అట్లా పాఠం ఆగిపోయింది. తెగతెంపులేమీ లేవు. ప్రతి రంజాన్‌కు పోయేవాడు. సుగ్రా బేగం షీర్ ఖుర్మా పోసేది. మాస్టర్ బరాత్ మాట ఎత్తలేదు. పోయొచ్చేటప్పుడు గుమ్మం దగ్గర మాత్రం అడిగేవాడు.

"గా మూడు?"

"వచ్చే నెల సాబ్."

ముప్పై రంజాన్లు దాటాయి. డీజే డబ్బాలు వచ్చాయి. మేళంలో పద్నాలుగు మంది కాస్తా ఐదుగురయ్యారు. ఏడాదికి పది పెళ్లిళ్లు దొరికితే ఎక్కువ. చేతిలో తీరిక మిగిలింది. ఆ తీరికలో, మొన్న చలికాలంలో, అతను ఆ కట్ట విప్పి రెండో భాగం ముందు పెట్టుకున్నాడు.

ఊపిరి చాలలేదు. ఒక్కో వాక్యం అంత పొడుగుంది. రోజూ సాయంత్రం పెరట్లో కూర్చుని ఊదేవాడు. భార్య శంకరవ్వ బియ్యం చెరుగుతూ విని విని ఒకరోజు అడిగింది.

"ఎవలు సచ్చిర్రని గంత నిమ్మలంగ ఊదుతున్నవ్?"

"ఎవలు సావలే. సాబ్‌కు ఇనిపియ్యాలె."

"గిన్నేండ్లకు యాదికొచ్చిండా?"

నాలుగు నెలలకు అది చేతికొచ్చింది. రంజాన్ కోసం ఆగకుండా ఒక ఆదివారం కరీంనగర్ బస్సెక్కాడు.

సుగ్రా బేగం తలుపు తీసింది. అతని చేతిలో పెట్టె చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యో బేటా, ఆయనకు ఇనవడ్తలేదు గదా. రెండేండ్ల సంది తగ్గుకుంట వచ్చింది, పెదవులు సూసి నెట్టుకొచ్చిండు. రెండు నెల్లాయె, మొత్తం పోయింది. మిషన్ పెట్టినా అంతే."

"నాకెవ్వలు చెప్పలేదు చాచీ."

"నువ్వు ఎప్పుడడిగినవ్?" అంది ఆమె. కోపంగా కాదు.

మూడు నెలల కింద, మొదటి వాక్యం చేతికొచ్చిన రోజే రావాల్సింది. ఎన్ని తప్పులున్నా రావాల్సింది. అతను అది అనుకుంటూ చెప్పులు విడిచాడు.

చాంద్‌పాషా మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎనభై నాలుగేళ్లు. పెట్టె చూడగానే మూడు వేళ్లు ఎత్తాడు. పరశురాములు తల ఊపాడు. మాస్టర్ కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని ఎదురుగా కుర్చీ చూపించాడు.

మొదటి భాగం. మాస్టర్ అతని వేళ్లనే చూస్తూ మోకాలి మీద లెక్క వేశాడు. ఒక్క లెక్క తప్పలేదు. రెండో భాగంలో చూపు వేళ్ల మీంచి పెదవికి, పెదవి నుంచి ఛాతీకి పోయింది. వాక్యం పొడుగ్గా ఉన్న చోట తనూ ఊపిరి బిగబట్టాడు. సుగ్రా బేగం వంటింట్లోంచి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"గింత మంచిగ ఉంటదా ఇది?" అంది.

ఆమెకు వినిపించింది. ఎవరికోసం నేర్చుకున్నాడో ఆయనకు వినిపించలేదు.

మూడో భాగం మొదలుపెట్టాడు. దానికి కాగితాలు అక్కర్లేదనుకున్నాడు. ముప్పై ఏళ్లుగా వేళ్లలో ఉన్నదే. రాగం హుషారుగా లేచింది, ముగిసింది. ఆ తర్వాత ఏం రావాలి? వేళ్లు ఒక క్షణం తడుముకుని మళ్లీ రాగం మొదటికి వచ్చాయి. అది ముగిసింది. మళ్లీ వచ్చాయి. అప్పుడొక ఆలోచన వచ్చింది. సాబ్‌కు ఇనవడది గదా. నాలుగోసారి అదే ఊది, చివర గట్టిగా లాగి ముగించాడు.

మోకాలి మీద మాస్టర్ చెయ్యి ఎప్పుడో ఆగిపోయింది.

"గదే గదే కొడ్తున్నవ్ గదరా," అన్నాడు. చెవులు వినబడని మనిషి గొంతు, గది దాటి వినిపించింది. "మిగిలింది ఏది?"

పరశురాములు తలెత్తలేదు. పెట్టెలోంచి మూడో భాగం కాగితాలు తీసి ఎదురుగా ఇంకో కుర్చీకి ఆనించాడు. ఆ లోపలి పేజీలు ఎవరూ తిప్పనట్టు నలగకుండా ఉన్నాయి. మాస్టర్ మంచం అంచుకు జరిగి నెమ్మదిగా లెక్క మొదలుపెట్టాడు. పరశురాములు చదివాడు. చుక్కలు తెలుస్తున్నాయి, వేళ్లు మాట వినడం లేదు. ప్రతి నాలుగు బార్లకూ రాగం వైపు మళ్లుతున్నాయి. మాస్టర్ చెయ్యెత్తి ఆపాడు. మళ్లీ. మధ్యాహ్నం నమాజు వేళకు మొదటి దారి ఒకటి, అదీ కుంటుతూ, చివరిదాకా వచ్చింది.

మాస్టర్ అలిసి వెనక్కి వాలాడు.

"గిప్పుడు వేళ్లు తప్పితే సెప్త పరశూ. గొంతు తప్పితే సెప్పలేను. గది నువ్వే ఇనుకోవాలె."

పరశురాములు ఆయన కాళ్లు పట్టుకోబోయాడు. మాస్టర్ కాళ్లు ముడుచుకున్నాడు. "లే లే, బస్సు పోతది."

సుల్తానాబాద్ బస్సులో కిటికీ సీటు దొరికింది. క్లారినెట్ పెట్టె ఒళ్లో పెట్టుకుని, దాని మూత మీద వేళ్లతో ఆ మొదటి దారి వేసుకుంటూ పోయాడు. మూడుసార్లు వేస్తే రెండుసార్లు వేళ్లు గుర్రం పాటకే వచ్చాయి.