చిట్టి గిట్టలో పసుపు

పోయిన వారం చేపలకని సముద్రం ఒడ్డున పడవలు ఆగే సోలై నగర్ వెళ్లాను. వీధిలోకే బండిమీద చేపలు వస్తుంటే ఈ మోకాళ్లు పెట్టుకుని అంత దూరం ఎందుకని మావాళ్లు అడుగుతూనే ఉంటారు. పడవ దిగిన చేపకూ బండెక్కిన చేపకూ తేడా చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది, వదిలేశాను. వంజరం ముక్కలు కొట్టించుకుని, సంచిలో వేసుకుని తిరిగి వస్తుంటే, వలలు ఆరబెట్టే పాక నీడలో ఒక గోధుమరంగు గుర్రం కనిపించింది. సముద్రం చూడవచ్చినవాళ్లను ఎక్కించుకుని ఇసుకలో నాలుగడుగులు తిప్పే గుర్రం. దాని యజమానికి ముప్పై ఏళ్లుంటాయి. గుర్రం వెనక కాలు మడిచి తన తొడమీద పెట్టుకుని, కొబ్బరి చిప్పలోంచి ఏదో తీసి గిట్ట అడుగున కూరుతున్నాడు. పది అడుగుల దూరానికే పసుపు వాసన తగిలింది. ఇంకో రెండడుగులు వేసేసరికి పసుపు కింద ఉన్న ఇంకో వాసన కూడా తగిలింది. ఆ వాసన నా ముక్కుకు తగిలి పాతికేళ్లయింది. ఎవరూ అడక్కుండానే, అరవంలో, అది తీసెయ్యప్పా, ముందు తీసెయ్ అన్నాను. అతను నన్ను చూశాడు, నా చేపల సంచిని చూశాడు, పిచ్చిదేమో అనుకున్నట్టున్నాడు. అతని తప్పేం లేదు, నేనైనా అలాగే అనుకుంటాను.

మా మామ, అంటే నా భర్త తండ్రి, రెడ్డియార్‌పాళయంలో తవుడూ తెలగపిండీ అమ్మే అంగడి పెట్టుకున్న మనిషి. ఆయన తండ్రి కాలంలో ఇంట్లో జట్కా ఉండేదట. ఆటోలు వచ్చి జట్కా పోయింది గాని, ఇంటికి పట్టిన గుర్రం అలవాటు పోలేదు. నేను కోడలిగా వచ్చేనాటికి పెరట్లో రేకుల కొట్టం కింద చిట్టి అనే ఆడగుర్రం ఉండేది. పెళ్లి ఊరేగింపులకు తెల్ల గుర్రం కావాలని అడిగి తీసుకుపోయేవాళ్లు. తెలుపంటే మరీ తెలుపేం కాదు, చాలాసార్లు ఉతికిన పంచె రంగు. మామకు అంగడి మీద గానీ, కొడుకు ఆఫీసు ఉద్యోగం మీద గానీ పెద్ద గొప్పలేం ఉండేవి కావు. ఆయనకున్న గొప్పంతా ఒక్కటే. చుట్టుపక్కల ఎవరి గుర్రం కుంటినా, లాడాలు కొట్టేవాడికి కూడా అంతుపట్టకపోతే, తవుడంగడి ఆయన దగ్గరికి పొమ్మనేవాళ్లు. ఆయన అంగడి తలుపు వారగా వేసి, లుంగీ పైకి కట్టి, వంకీ కత్తి పట్టుకుని బయలుదేరేవాడు. తిరిగొచ్చాక ఏమైందని అడిగితే, కాలే కదా, సరిపోతాది అనేవాడు, నయమైపోతుందని. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం చూసి తీరాలి.

గుర్రం కాలు అంటే మనకు గిట్ట ఒక్కటే కనిపిస్తుంది. దాని చాకిరీ చేసేవాళ్లకు ఇంకా చాలా కనిపిస్తాయి. కాళ్ల లోపలివైపు, ముందుకాళ్లకు మోకాలి పైనా వెనక కాళ్లకు కీలు కిందా, ఎండిన బెరడులాంటి గట్టి బిళ్ల ఒకటి పెరుగుతుంది. మన చేతులకు కాచినట్టే అదీ కాయే అనేవాడు మామ. చీలమండ వెనక వెంట్రుకల్లో దాక్కుని చిన్న కొమ్ము మొలకలాంటి బొడిపె ఇంకొకటి. ఇక గిట్ట అడుగున, మడమ దగ్గర వెడల్పుగా మొదలై ముందుకు మొనదేలే రబ్బరులాంటి భాగాన్ని ఆయన మెత్త అనేవాడు. గుర్రం అడుగు వేసినప్పుడల్లా ఆ అదురును కాచుకునేది అదే. కాయనూ బొడిపెనూ కత్తితో కొయ్యడం ఆయన దృష్టిలో మహాపాపం. గురు, శుక్ర, శనివారాలు వాటికి నువ్వులనూనె పూసేవాడు. కొట్టం గుంజకు వేలాడే క్యాలెండర్లో ఆ రోజుల మీద నూనె అని రాసుకునేవాడు. మాట తెలుగు, అక్షరాలు అరవం. మా ఇంట్లో తెలుగు మాట్లాడనివాళ్లూ లేరు, తెలుగు అక్షరాలు వచ్చినవాళ్లూ లేరు. నాకైనా తర్వాతెప్పుడో పట్టుబట్టి నేర్చుకుంటే వచ్చినవే. ఆదివారం పొద్దున బొటనవేలితో అంచు కదిపితే నానిన కాయ పొరలు పొరలుగా ఊడొచ్చేది. ఎలా తెలిసేదో గాని, వీధి కుక్కలు మూడు అప్పటికే గేటు బయట వరసగా కూర్చునేవి, వాటికి అది పాయసం. నేను మొదటిసారి కొట్టంలోకి వెళ్లిన రోజు మామ ఒక కాయముక్కను నా అరచేతిలో రుద్ది, ఆ చెయ్యి చిట్టి ముక్కు ముందు పెట్టించాడు. అది బుస్సుమని ఊపిరి వదిలి పెదవులతో నా అరచెయ్యంతా తడిమింది. ఇంక నిన్ను మరవదు అన్నాడు మామ. నాకు పెళ్లయి అప్పటికి నెల. ఆ ఇంట్లో నన్ను అంత త్వరగా ఒప్పుకున్నది చిట్టి ఒక్కటే.

మెత్త సంగతి వేరు. దాని పక్కల చాళ్లలో పేడా తడీ నిలిస్తే నల్లటి కుళ్లు పుడుతుంది, పైకి ఏమీ కనపడదు. అందుకని మామ రోజూ పొద్దున నాలుగు కాళ్లూ ఒకటొకటిగా ఎత్తి, చాళ్లు గోకి, పాతగుడ్డతో పొడిగా తుడిచి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసేవాడు. అదయ్యాకే కాఫీ. మా అత్త ఆయన చేత మూడుసార్లు సబ్బు పెట్టించి గాని గ్లాసు చేతికిచ్చేది కాదు. మొదట్లో నాకూ ఆ వాసన పడేది కాదు గాని, నేను మా పుట్టిల్లు ఏంబలంలో ఎద్దుల మధ్య పెరిగినదాన్ని, ఎన్నాళ్లు పడదు? ఆరు నెలలకు కుడివైపు కాళ్లు మామవి, ఎడమవైపు కాళ్లు నావి. నా భర్తకు గుర్రమంటే భయం. ఇప్పటికీ ఒప్పుకోడు గాని, భయమే.

ఆ తర్వాతి ఏడు ఐప్పసి నెలలో, అంటే మాకు వానల నెలలో, మామకు కంటి ఆపరేషన్ అయింది. వంగకూడదు, దుమ్ము తగలకూడదు, నెల రోజులు కొట్టం వైపు వెళ్లకూడదు అన్నారు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, చిట్టిని నాకు అప్పగించాడు. కొడుక్కి కాదు, నాకు. రోజూ ఎత్తు, గోకు, ఆరబెట్టు, వాసన చూడు అని చెప్పి, చివర ఒక మాట గట్టిగా చెప్పాడు.

"దాంట్లో ఏమీ పెట్టబాకమ్మా. నూనె కూడా పెట్టబాక. మెత్తకు గాలే మందు."

సరేనన్నాను. వారం రోజులు బ్రహ్మాండంగా చేశాను. మామ పని కోడలే చేస్తోందని పక్కింటివాళ్లు వచ్చి చూసి పోయేవాళ్లు, నేను కొంగు దోపుకుని ఇంకాస్త హడావిడి చేసేదాన్ని. తర్వాత పది రోజులు ఎడతెగని వాన. కొట్టంలో నేల ఆరలేదు. ఒకరోజు ఎడమ వెనక కాలి చాల్లో నల్లగా కనిపించింది, వాసన కూడా కొట్టింది. అప్పుడే వెళ్లి మామకు చెప్పి ఉండాల్సింది. చెబితే ఆయన కన్ను సంగతి మరిచి వచ్చి వంగుతాడని భయపడ్డాను. అది నిజమే గాని, సగం నిజం. మిగతా సగం, అందరూ మెచ్చుకుంటున్న పని పాడైందని చెప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. మా ఏంబలంలో ఎద్దు గిట్టలో పుండు పడితే పసుపు వేపనూనెలో నూరి కూరి గుడ్డ కట్టేవాళ్లు. ఎద్దుకు మంచిదైంది గుర్రానికి చెడ్డదవుతుందా అనుకున్నాను. కూరాను, కట్టాను. కుళ్లు వాసన పోయింది, కమ్మని పసుపు వాసన వచ్చింది. మర్నాడు పాతది పూర్తిగా తియ్యకుండానే దానిమీద ఇంకాస్త కూరాను. ప్రతి సాయంత్రం మామ పడక్కుర్చీలోంచి అడిగేవాడు.

"వాసన చూసినావామ్మా?"

"చూసినాను మామా, ఏం లేదు."

అబద్ధమేం కాదు కదా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. పసుపు వాసన తప్ప నిజంగానే ఏం లేదు.

ఆ నెల చివర్లో చిట్టి ఒక పెళ్లి ఊరేగింపుకు వెళ్లింది. కట్టు విప్పేసి, గిట్ట పైన తుడిచి నేనే పంపాను. పెళ్లికొడుకును ఎక్కించుకుని తారురోడ్డు మీద సగం దూరం నడిచి, ఎడమ కాలు కింద పెట్టనని మొండికేసిందట. పెళ్లికొడుకు దిగి మిగతా దూరం నడిచి వెళ్లాడు. చిట్టి మూడు కాళ్ల మీద కుంటుకుంటూ ఇల్లు చేరింది. పొద్దున్నే మామ కళ్లద్దాలు తీసి గట్టుమీద పెట్టి కొట్టంలోకి వచ్చాడు. వద్దని అందరం అరిచినా వినలేదు. కాలెత్తి, వంకీ కత్తి కొనతో చాల్లోంచి పసుపు ముద్ద లాగాడు. దాంతోపాటు మెత్త కూడా సగం ఊడొచ్చింది. ఆయన వేళ్లు పచ్చగా, మధ్యలో నల్లగా ఉన్నాయి. వాసన చూశాడు. అత్త గడపలో నిలబడి, ఈ పసుపు ఎవరు పెట్టింది, ఎవరు పెట్టమన్నారు అని కేకలేస్తోంది. పక్కింటివాళ్లు గోడమీంచి చూస్తున్నారు. మామ నా వైపు చూడలేదు.

"నేనే పెట్టమన్నా" అన్నాడు.

రెండు నెలలు ఆయనా నేనూ ఆ కాలు బాగుచేశాం. చచ్చిన ముక్కలు చెక్కి, మైలుతుత్తం నీళ్లతో కడిగి, ఆరబెట్టి. దేవుడి దయవల్ల ఆయన కన్నుకేం కాలేదు. చిట్టి బతికింది గాని తారురోడ్డుకు పనికిరాలేదు. మెత్తటి నేల కావాలన్నాడు మామ, ఏంబలంలో మా అన్న పొలానికి పంపేశాం. ఆదివారం ఆదివారం మామ నూనె సీసా, కత్తి సంచిలో వేసుకుని బస్సెక్కి వెళ్లి కాయలు తీసి వచ్చేవాడు. మొదట్లో నేనూ వెళ్లేదాన్ని. ఒకసారి బస్సులో చెప్పేద్దామని గొంతు సవరించుకున్నాను. వద్దన్న పని చేశాను మామా, రోజూ మీకు అబద్ధం చెప్పాను, అంతే చెప్పాల్సింది. ఆయన నా వైపు తిరిగి, ఏమ్మా, ఏమన్నా చెప్పాలా అని అడిగాడు. ఏం లేదు మామా అన్నాను. అవే మాటలు, అదే గొంతు. ఆయన మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. తర్వాత పిల్లలు పుట్టారు, నేను వెళ్లడం మానేశాను. మూడేళ్లకు చిట్టి పోయింది.

గుర్రం కాలు చూడమని ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు కూడా మెల్లగా తగ్గారు. సొంత గుర్రం గిట్టలో పసుపు కూరించినాయనకు ఇంకొకరి గుర్రం ఎవరు చూపిస్తారు? అత్త అయితే వదిలేదే కాదు. చుట్టాల పెళ్లిలో ఎక్కడ ఊరేగింపు గుర్రం కనబడినా చాలు, ఇదో, గుర్రం కాలికి పసుపు పెట్టించిన పెద్ద డాక్టరు వచ్చినాడు, దారి ఇయ్యండి అనేది. అందరూ నవ్వేవాళ్లు. మామ కూడా నవ్వేవాడు. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడి ఉండేదాన్ని. పోయేదాకా, పదేళ్లకు పైగా, ఆయన ఆ మాట పడ్డాడు. నేను ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. సిగ్గు చచ్చినదాన్ని.

సోలై నగర్ గుర్రం అతనికి ఇదంతా రెండు ముక్కల్లో చెప్పాను. పసుపు పెడితే తప్పని ఎవరు చెప్పారని అతను అడిగాడు మరి. మా మామ చెప్పాడు, నేను వినలేదు, ఒక గుర్రం చెడింది అన్నాను. అతను ఇంకేం అడక్కుండా కాలెత్తి గోకడం మొదలుపెట్టాడు. ముక్కూ మొహం తెలియనివాడితో ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చేసిందో! ఆ ఊపులోనే ఇంటికొచ్చి, చేపల సంచి కూడా దించకుండా వరండాలోకి వెళ్లాను. అత్తకిప్పుడు ఎనభై దాటాయి. మామ పడక్కుర్చీలో ఆమే కూర్చుంటుంది.

"అత్తా, చిట్టి కాల్లో పసుపు పెట్టమని మామ చెప్పలేదు. వద్దన్నాడు. నేనే పెట్టినా" అన్నాను.

అత్త తల కూడా ఎత్తలేదు.

"తెలుసు. మెత్తలో నూనె బొట్టు పెట్టనియ్యని మనిషి పసుపు పెట్టమంటాడా? నువ్వు చెప్తావని చూసినా. అందుకే నీ ఎదురుగానే అంటా వచ్చినా."

"మామకు తెలుసా, మీరు ఎందుకంటున్నారో?"

"ఆయనా నువ్వు చెప్తావనే చూసినాడు" అంది అత్త. నా చేతిలో సంచి చూసి, చేపలు వాసనొస్తాయి, లోపల పెట్టు పో అంది.

వంటింట్లోకి వెళ్లి ముక్కలు కడుగుతూ చాలాసేపు ఏడ్చాను. గుర్రం కాలిమీది కాయ ఎంత గట్టిదైనా, మూడు రోజులు నూనె పూసి ఆగితే చాలు, చేతికి దానంతట అదే వచ్చేది. నా నోట్లో మాట రావడానికి పాతికేళ్లు పట్టింది, అది విని, సరిపోతాది అనాల్సిన మనిషి అన్నేళ్లు ఆగలేకపోయాడు.