గజపతినగరంలో వెలిసిన తుఫాను తార

మా నాన్న తన సొంత కొట్టు ముందు చెప్పులు విప్పి, వరసలో నిలబడి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్న రోజొకటుంది. ఆ రోజు రావడానికి కారకురాలిని నేనే. తిన్నగా అక్కడికి వెళ్ళిపోతే మీకు నా తప్పొక్కటే కనిపిస్తుంది. అందుకని ముందు తుఫాను తార సంగతి వినండి.

నా చిన్నప్పుడు ఆదివారం పొద్దున్న టీవీలో ఒక సీరియల్ వచ్చేది. ఎక్కడో తీసి, తెలుగు మాటలు అతికించి వదిలేవారు. అందులో ముగ్గురు వీరనారులు. తుఫాను తార చెయ్యెత్తితే గాలివాన ఆగిపోయేది. ఉక్కు చిలక గోడలు పగలగొట్టేది. నిప్పుల వాణి మంటల్లోంచి నడిచొచ్చేది. మా వీధి పిల్లలంతా కొట్లాటల కోసం చూసేవారు. నేను మాత్రం బట్టల కోసం చూసేదాన్ని. ఏం చెయ్యమంటారు, గజపతినగరం మెయిన్ రోడ్డు మీద బట్టల కొట్టు మాది. గుడ్డ తానుల మధ్య పాకి, కత్తెర చప్పుడుకి నిద్రపోయిన పిల్లని.

లోకాన్ని ముంచేసే తుఫాను వస్తుంటే నాకు పట్టేది ఒకటే. తుఫాను తార వీపున ఎగిరే ఆ ఎర్ర గుడ్డ శాటినా, క్రేపా? పన్నా, అంటే గుడ్డ వెడల్పు, ఎంత? అంత వానలో తడిసినా రంగు దిగడం లేదేం? ఉక్కు చిలక ఆకుపచ్చ రేకు లాంటి చొక్కా వేసుకుని అసలు కింద ఎలా కూర్చుంటుంది? జిప్పు ఎక్కడుంది? నిప్పుల వాణి నారింజ రంగు బట్ట మంటల్లో కూడా కాలదే, అలాంటి సరుకు మనకి హోల్‌సేల్‌లో దొరకదా? ఈ ప్రశ్నలు మా నాన్నని అడిగితే, "అవన్నీ ఎందుకే, లెక్కల పుస్తకం తియ్యి" అనేవారు. మా మామ్మ ఒక్కతే నాతో సమానంగా ఆశ్చర్యపోయేది.

"ఏటే వాసవీ, ఆ గుంటకి సలెయ్యదేటి?"

"వెయ్యదు మామ్మా. శక్తులున్నాయి."

"ఉంటే ఉన్నాయిలే. ఆ పైటేటి, ముందుకెయ్యకుండా ఎనక్కేసుకున్నాది?"

"అది పైట కాదు."

"మరేటి?"

దానికి తెలుగు పేరే లేదు. అప్పట్నించి మా ఇంట్లో దాని పేరు 'ఎనకపైట'. తుఫాను తారది ఎర్ర ఎనకపైట, నిప్పుల వాణిది నారింజ. ఉక్కు చిలకకి లేదు. లేదు కాబట్టే మామ్మ ఆవిణ్ణి మనుషుల్లో లెక్కెయ్యలేదు.

నేను ఇంటర్‌కి వచ్చేనాటికి సీరియల్ ఆగింది, నా పిచ్చి ఆగలేదు. అప్పుడే మా కొట్టుకి ఎదురుగా అద్దాల తలుపులతో, ఏసీతో ఒక రెడీమేడ్ షాపు తెరిచారు. అద్దాల వెనక నిలువెత్తు బొమ్మలు, వాటికి మెరిసే చీరలు. మా బేరాలన్నీ రోడ్డు దాటి అటు పోయాయి. "ఈ అమ్మోరి పండక్కి కూడా ఇలాగే ఉంటే కొట్టుకి తలుపులెయ్యడమే" అన్నారు నాన్న ఒక రోజు అన్నం తింటూ. మామ్మ ముద్ద నోట్లో పెట్టుకోవడం మానేసింది.

అలా అన్నాయన ఊరుకోలేదు. విశాఖపట్నం వెళ్ళి తనూ ఒక బొమ్మని కొన్నారు. పాసింజరు రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఒంటి మీద నూలుపోగు లేదన్న సిగ్గుతో దానికి తన కండువా కప్పి, గజపతినగరం దాకా దాని వైపు చూడకుండా తెచ్చారు. మా కొట్టు ఆశంతా ఇప్పుడు ఆ ప్లాస్టిక్ మనిషి మీదే ఉంది.

పండగకి ముందురోజుని మా వైపు తొలేళ్ళంటారు. ఆ రోజు పొద్దున్నే నాన్న శ్రీకూర్మం బయల్దేరారు, కొట్టు నిలబడాలని మొక్కుకోడానికి. వెళ్తూ వెళ్తూ గంధం రంగు పట్టుచీర నా చేతిలో పెట్టారు.

"బొమ్మకిది కట్టు. కుచ్చిళ్ళు రోడ్డు మీదకి కనిపించాల. సాయంత్రానికి వచ్చేస్తాను. నీ మీదే వదిలేస్తన్నాను వాసవీ."

నేను నిజాయితీగానే మొదలుపెట్టాను, నమ్మండి. కానీ ఆ బొమ్మ ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, రెండోది పైకెత్తి నిలబడి ఉంది. పైట వేస్తే జారుతోంది. పిన్నులు పెట్టాను, జారింది. మళ్ళీ వేశాను, మళ్ళీ జారింది. అలసిపోయి ఒక అడుగు వెనక్కి వేసి చూశాను. ఎత్తిన చెయ్యి. చాచిన అరచెయ్యి. అచ్చం తుఫానుని ఆపే భంగిమ. ఆ తర్వాత నా చేతులు నా మాట వినలేదు.

నీలం లెగ్గింగ్, నీలం టాప్ తొడిగాను. జరీ అంచు చుట్టలోంచి ముక్క కత్తిరించి నడుముకి బెల్టు కట్టాను. నుదుటికి పసుప్పచ్చ పట్టీ, దాని మీద బంగారు కాగితంతో మెరుపు గుర్తు. కళ్ళకి పసుప్పచ్చ జాకెట్టు ముక్కతో ముసుగు. ఇక మిగిలింది ఎనకపైట. ఎర్ర శాటిన్ కొత్త తాను దించి, పన్నా చూసుకుని, చిన్నప్పట్నించీ మనసులో కొలిచి పెట్టుకున్న కొలతకి కత్తెర వేశాను. ఫ్యాను పెడితే అది గాల్లోకి లేచింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మామ్మ వచ్చి చూసింది. "ఆ ఎనకపైట గుంటేనా? బాగుందే" అని, తను తెచ్చిన ఘటాన్ని బొమ్మ కాళ్ళ దగ్గర పెట్టింది. తొలేళ్ళ నాడు ప్రతి కొట్టు గుమ్మంలో పసుపు రాసిన ఘటం పెట్టి వేపమండలు కట్టడం మా ఊరి ఆనవాయితీ. కట్టగా మిగిలిన మండలు బొమ్మ ఎత్తిన చేతిలో ఇరికించి, మామ్మ నడుం వాల్చడానికి లోపలికి పోయింది. చూశారా, తప్పంతా నాదే కాదు.

మొదట వచ్చింది సూరమ్మ పిన్ని. పక్క ఊళ్ళో రైతు కుటుంబం వాళ్ళది, ఏటా పండగ చీర మా కొట్టులోనే కొంటుంది. ఆ పూట టీవీలో బంగాళాఖాతంలో తుఫానని చెప్తున్నారు. ఆవిడ మొహం వాడిపోయి ఉంది. గుమ్మంలో అడుగు పెట్టబోయి, బొమ్మని చూసి, ఆ అడుగు వెనక్కి తీసుకుంది. చెప్పులు విప్పింది.

"ఏ అమ్మోరు పాపా?"

కాదు పిన్నీ, బొమ్మ, అని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ అన్నేళ్ళుగా తుఫాను తార గురించి మామ్మ తప్ప నన్ను ఎవరూ అడగలేదు.

"తుఫాను తార" అన్నాను.

"ఏటి సేస్తాది?"

"చెయ్యెత్తి తుఫానుని ఆపుతుంది."

సూరమ్మ పిన్ని ఆ చెయ్యి వైపు చూసింది. "మా సేను పొట్ట మీదున్నాది పాపా. ఇప్పుడు గాలేస్తే గింజ మిగల్దు. నిజంగా ఆపుతాదా?"

"సముద్రం మీదే ఆపేస్తుంది. నేను చూశాను."

"ఎక్కడుంటాది?"

"కొండ గుహలో."

"కళ్ళకా గుడ్డేటి?"

"తనెవరో జనానికి తెలియకూడదని. మామూలు రోజుల్లో మామూలు మనిషిలాగే మన మధ్య తిరుగుతుంది."

"ఓలమ్మో" అంది సూరమ్మ పిన్ని మెల్లగా. "అయితే నానెప్పుడో బస్సులో ఈ తల్లి పక్కనే కూకుని ఉంటాను."

నేను చెప్పిన దాంట్లో ఒక్క అబద్ధం లేదు. అన్నీ సీరియల్లో ఉన్నవే. అభిమాని అన్నాక అడిగినదానికి సరిగ్గా చెప్పాలి కదా.

మధ్యాహ్నం దాటేసరికి మా కొట్టు ముందు చెప్పులు రోడ్డు దాకా వచ్చాయి. బిందెలతో పసుపు నీళ్ళు తెచ్చి ప్లాస్టిక్ కాళ్ళు కడిగారు. మెరుపు గుర్తు మీద కుంకుమ పెట్టారు. నా పిచ్చి సందేహాలన్నీ ఇప్పుడు ఊరి సందేహాలయ్యాయి. ఆ నడుముకున్నది వడ్డాణమా? ఆ ఎర్ర గుడ్డతోనే ఎగురుతాదా? ఉతికితే శక్తి పోదా? నేను అన్నిటికీ జవాబులు చెప్తూనే ఉన్నాను. చీర కావాలని మాత్రం ఎవరూ అడగలేదు.

సాయంత్రం నాన్న బస్సు దిగారు. ఆ జనాన్ని చూసి, వీధిలో ఏదో కొత్త అమ్మోరి పందిరి వేశారనుకున్నారట. చేతిలో శ్రీకూర్మం ప్రసాదంతో, చెప్పులు విప్పి వరసలో నిలబడ్డారు. ముందున్న ముసలావిణ్ణి అడిగారు.

"ఏ అమ్మోరమ్మా?"

"తుఫాను తల్లంట బాబూ. నిన్నటిదాకా బొమ్మనాగే ఉండీదంట."

నాన్న కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు. కళ్ళు తెరిచి, ముందు ఎర్ర శాటిన్‌ని గుర్తుపట్టారు. తర్వాత గుమ్మం మీద తన కొట్టు బోర్డుని. ఆఖరికి నన్ను.

"చీరేదే?" అన్నారు లోపలికొచ్చి, గొంతు తగ్గించి.

"జారిపోయింది నాన్నా."

"విప్పెయ్యి."

"ఇప్పుడా? అందరి ముందా?"

తనే విప్పుదామని ఎనకపైట మీద చెయ్యి వేశారు. సూరమ్మ పిన్ని లేచి నిలబడింది.

"సావుకారు బాబూ, అమ్మోరి బట్ట మీద సెయ్యేస్తావేటి? తుఫాను తిరిగిపోనీ. ఆనక అందరం కలిసి అనుపు సేసుకుందుం."

అనుపంటే పండగయ్యాక అమ్మవారిని మేళతాళాలతో ఊరి పొలిమేరకి సాగనంపడం. అంటే బొమ్మ మళ్ళీ కొట్టుకి రాదు. నాన్న నా వైపు చూశారు. కొట్టినా బాగుండేది, కొట్టలేదు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. రైల్లో కండువా కప్పి తెచ్చుకున్న ఆశని నా కత్తెరతో నేనే కత్తిరించానని ఏడుస్తూ పడుకున్నాను.

మర్నాడు పండగ. కాళ్ళు కడిగినవాళ్ళు, పండగ పూట ఉత్త చేతులతో ఎలా పోవడమని ఒక్కొక్కరే లోపలికి రావడం మొదలెట్టారు. నాన్న మొహంలో కాస్త రంగొచ్చింది. ఒకావిడ వంగపండు రంగు చీర తీసింది.

"రంగు పోద్దా బాబూ?"

నాన్న నోరు తెరిచారు. ముప్పై ఏళ్ళుగా ఆ ప్రశ్నకి ఆయన దగ్గర ఒకటే జవాబు, ప్రాణం పోయినా రంగు పోదమ్మా అని. కానీ ఆ మాట అనబోతూ బొమ్మ వైపు చూశారు. చెయ్యెత్తి, ముసుగులోంచి అది కూడా ఆయన్నే చూస్తోంది.

"పోతాదమ్మా" అన్నారు నీరసంగా. "మొదటి ఉతుక్కి కొంచెం పోతాది."

"ఈ నేత గట్టిదేనా?"

మళ్ళీ బొమ్మ వైపు చూశారు. "దాని పక్కది గట్టిది. అది తీసుకో."

ఇలా సాగింది వ్యాపారం. నా జన్మలో నాన్న అంత కష్టపడడం చూడలేదు. ప్రతి తాను దగ్గరా ఆయనకి చెమటలు పట్టాయి. ఇక మా పని అయిపోయిందని మామ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అయితే వంగపండు చీరావిడ వెళ్ళి వాళ్ళ వీధిలో వాళ్ళందరినీ తీసుకొచ్చింది. "రంగు పోతాదని సెప్పే కొట్టు ఇదేనే" అని చూపించింది.

ఈలోగా తుఫాను ఒడిశా వైపు తిరిగిపోయింది. అది ఎందుకు తిరిగిందో వాతావరణం వాళ్ళు టీవీలో ఏదో చెప్పారు. మా ఊళ్ళో ఎవరూ వినలేదు.

అనుపు నాడు, ఆ తల్లి వెలిసింది మీ ఇంట్లోనే కాబట్టి మీరే మొయ్యాలన్నారు. డప్పుల మధ్య నాన్న బొమ్మని భుజాన వేసుకుని నడిచారు. ఈసారి కండువా కప్పలేదు. ఎర్ర ఎనకపైట గాలికి లేచి ఆయన మొహం మీద పడుతుంటే, పక్కకి తోసుకుంటూ నడిచారు. పొలిమేరలో చిన్న పాక వేసి అందులో నిలబెట్టారు. తిరిగొస్తూ, "నేను ఇంకో బొమ్మ కొనిపెడతా నాన్నా, ఉద్యోగం వచ్చాక" అన్నాను.

"వద్దు. అది లేకపోయినా ఇంక అబద్ధం నోటికి రావటం లేదు. అలవాటు చెడిపోయింది" అన్నారు.

కొట్టు మూతపడలేదు. అద్దాల షాపుకి వెళ్ళినవాళ్ళు కూడా, కొన్న చీర తెచ్చి, రంగు పోతుందో లేదో నాన్నని అడిగి వెళ్ళేవారు.

కొన్నాళ్ళకి ఆ సీరియల్ మళ్ళీ మొదలైంది. తుఫాను తారకి నల్ల ప్యాంటు, నల్ల చొక్కా వేశారు. ఎనకపైట తీసేశారు. నా బాధ ఎవరికి చెప్పుకోను? పొలిమేర దాకా నడిచి వెళ్ళాను. పాకలో ఆవిడ చెయ్యెత్తి, ఎర్ర ఎనకపైటతో, పాత వేషంలోనే ఉంది. ఏటా సూరమ్మ పిన్ని మా కొట్టుకొచ్చి, "ఎనకపైట గుడ్డ కొయ్యి బాబూ, రంగు పోనిది" అంటుంది. "పోతాదమ్మా" అంటారు నాన్న. "పోతే పోనీ, ఏడాదికోటి కొత్తదేస్తాం" అంటుంది ఆవిడ.

అందుచేత, ఇప్పుడు విజయనగరంలో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్న వాసవి అను నేను, ఘటం సాక్షిగా, వేపమండ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ బొమ్మకైనా చీరే కడతాను. ఏ వీరనారి గురించి ఎవరేం అడిగినా నాకు తెలియదంటాను. ఈ ప్రమాణం మొదట అనుపు నాడే చేశాను, చాలా ఏళ్ళుగా నిలబెట్టుకున్నాను కూడా.

మొన్న సూరమ్మ పిన్ని ఫోన్ చేసింది.

"పాపా, గడ్డివాముల కాలం. మా ఊళ్ళో నిప్పు భయం ఎక్కువైపోనాది. నిప్పుని ఆపే తల్లి కూడా ఒకర్తి ఉన్నాదని మీ మామ్మ సెప్పింది. నిజవేనా?"

"నాకు తెలీదు పిన్నీ" అన్నాను గట్టిగా.

"ఓలి, తెలకపోతే పోన్లే. మామ్మకి గుర్తు రాలేదు గానీ, ఆ తల్లి ఎనకపైట పచ్చదే గదా? సావుకారు బాబు దగ్గిర పచ్చ శాటిను కోయించీసినాను."

నేను పళ్ళు బిగించాను. కళ్ళు మూసుకున్నాను. ఘటాన్ని తలుచుకున్నాను.

"నారింజ" అన్నాను. "బంగారు అంచు. శాటిన్ కాదు పిన్నీ, క్రేపు."