కడుపు మీద రెండో చెయ్యి

దాదాపు నలభై ఏళ్లు సిద్దిపేటలో తెలుగు పండితుడిగా పనిచేశాను. భూతప్రేతాలను కావ్యాలలో చదివాను, తరగతిలో వర్ణించి చెప్పాను. గ్రంథం మూసిన తరువాత కూడా అవి ఉంటాయని మాత్రం ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడు రాస్తున్నది ఎవరినీ నమ్మించడానికి కాదు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని.

మహేందర్ నా శిష్యుడు. కడుపు ఆపరేషన్లలో పెద్ద చదువు చదివి ఇక్కడే దవాఖాన పెట్టాడు. చదువుకునే రోజుల్లో సెలవులకు వచ్చినప్పుడల్లా తన గురువు సంగతే చెప్పేవాడు. ఆ పెద్ద డాక్టరు స్కానింగు కవరును ముందుగా తెరవనిచ్చేవాడు కాదట. శిష్యుడు రోగి కడుపు మీద అరచెయ్యి ఆనించాలి. గురువు దాని మీద తన చెయ్యి వేసి, ఏం తెలుస్తున్నదని అడిగేవాడు. శిష్యుడు తన నిర్ణయం నోటితో చెప్పిన తరువాతనే కవరు తెరవాలి.

విని పొంగిపోయాను. నేను పద్యం నేర్పిన పద్ధతీ అదే. వ్యాఖ్యానం తెరవకముందు మీకు తోచిన అర్థం చెప్పండి అనేవాణ్ణి.

నిరుడు ఆ గురువు కాలం చేశాడు. మహేందర్ మా ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చాడు.

ఈ వానాకాలంలో నా భార్య సత్తెమ్మకు కడుపునొప్పి, జ్వరం వచ్చాయి. ఆమె దుబ్బాక చేనేత ఇంట పుట్టిన మనిషి. కళ్లు మూసుకొని వేలికొసతో తడిమి, నూలు సన్నమో ముతకో చెప్పగలిగేది. స్పర్శ విషయంలో ఆమె పొరబడటం నేను చూడలేదు. ముందు జరగబోయేది అర్థం కావాలని ఈ మాట ఇప్పుడే చెబుతున్నాను.

మధ్యాహ్నం పన్నెండు గంటల వేళ స్కానింగు కవరుతో మహేందర్ గదిలోకి వెళ్లాము. లోపల మేము ముగ్గురమే. సత్తెమ్మ నొప్పిలోనూ బల్ల మీద పడుకుంటూ, “ఏం బిడ్డా, గీ సారు నిన్ను గోడకుర్చీ ఏపిచ్చిండట గదా. గా కోపం నా మీద తీర్చకు” అంది. అతడు నవ్వాడు.

నవ్వుతూనే కవరు తెరిచాడు. కాగితం చదివి, ఆ తరువాతే ఆమె కడుపు మీద చెయ్యి పెట్టాడు. వరుస మారినట్టు నాకు తెలిసింది. ఊరుకున్నాను.

అతని చెయ్యి కుడివైపు కింద ఆగిపోయింది. నేను కళ్లారా చూసింది ఒక్కటే: అతని గోళ్లు తెల్లబడ్డాయి, పైనుంచి ఎవరో అదిమినట్టు.

“బిడ్డా, మీద చెయ్యేసిన పెద్దమనిషిని జర తియ్యమను” అంది సత్తెమ్మ, కళ్లు మూసుకొనే. “బరువైతుంది. ఆయన చిటికెన వేలు వంగుతలేదు గదా, గుచ్చుకుంటుంది.”

మహేందర్ నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు. కుళాయి దగ్గరికి పోయి, మాకు వీపు చేసి, చాలాసేపు కడుక్కున్నాడు.

“రిపోర్టుల ఏం లేదు సారు. గ్యాసు. రెండు రోజులు గోలీలు ఏసుకుంటే తగ్గుతది.”

“రిపోర్టు సరే. నీ చేతికి ఏం తోచింది?” అని అడిగాను.

“గిప్పుడు చేతులతోని ఎవలు చెప్తున్నరు సారు” అన్నాడు. నా ముఖం చూడలేదు.

ఆటోలో సత్తెమ్మ నా భుజానికి ఆనుకొని, “గా చెయ్యి ఉండె. నువ్వన్న నమ్ముతున్నవా?” అంది. నీకు జ్వరం, అందుకే అట్లా అనిపించింది, అన్నాను.

మూడో రోజు అపెండిక్స్ పగిలింది. హైదరాబాదు చేర్చేసరికి చీము కడుపంతా పాకింది. ఆమె తిరిగి రాలేదు.

పన్నెండో రోజు మహేందర్ వచ్చాడు. కుర్చీ చూపినా కింద కూర్చున్నాడు.

“మా పెద్దసారు చిటికెన వేలు చిన్నప్పుడే ఇరిగిందట. వంగకపోతుండె. ఆ సంగతి నేను ఎవలకు చెప్పలే సారు, మీకు సుత. అమ్మకెట్ల తెలిసిందో…” తన అరచెయ్యి చూసుకున్నాడు. “నా చేతికి తెలిసింది సారు. కడుపు ఆడ రాయి తీరు ఉండె. కాగితం ఏం లేదంటుంటే నేను కోస్తే, రేపు లోపల ఏం లేకపోతే, నా పేరేంగాను అనుకున్న.”

ఇద్దరు గురువుల దగ్గర నేర్చిన ఒకే పాఠాన్ని, ప్రాణం మీదికి వచ్చిన ఒక్క పూట అతడు దాచుకున్నాడు. నా చెయ్యి పట్టుకోబోయాడు. వెనక్కి తీసుకున్నాను.

ఆమెకు ఆ వేలి సంగతి ఎలా తెలిసిందో ఎన్ని విధాల ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ గదిలో నాలుగో మనిషి ఉన్నాడా లేడా అన్నది నేను తేల్చగలిగింది కాదు. ఆ చెయ్యి తగిలింది ఇద్దరికి. ఒకామె చెప్పి వెళ్లిపోయింది. ఒకడు చెయ్యి కడుక్కున్నాడు. ఇద్దరినీ చూస్తూ నిలబడినవాణ్ణి నేను. చెయ్యి మళ్లీ పెట్టి చూడమనకుండా బయటికి వచ్చి ఆటో పిలిచాను.